కిరాయినామాలో ఏం రాసుకోవాలి?



హైదరాబాదులో ఏ జిరాక్సు షాపుకు వెళ్లి రెంటల్ అగ్రిమెంటు కావాలన్నా కంప్యూటర్లో ఒక నమూనా సిద్ధంగా ఉంటుంది. పేర్లు, ఇంటి నంబరు, అద్దె, అడ్వాన్సు మార్చి, 100 రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి చేతికిస్తారు. నోటరీ ముద్ర కూడా ఆ పక్క సందులోనే పడుతుంది. పావుగంటలో పని ముగుస్తుంది. ఓనరు ఆ కాగితాన్ని బీరువాలో పెడతాడు. మళ్లీ దాన్ని బయటికి తీసేది గొడవ వచ్చిన రోజునే. తీరా చూస్తే, గొడవ ఏ సంగతి మీద వచ్చిందో ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ అందులో ఉంటాయి.

ఇల్లు అద్దెకిచ్చే రోజు ఇద్దరూ సంతోషంగానే ఉంటారు. ఓనరుకు ఇల్లు ఖాళీగా పడి ఉండే బాధ తప్పుతుంది, వచ్చినవాళ్లకు ‘టు లెట్’ బోర్డుల వెంట తిరిగే అవస్థ తప్పుతుంది. ఆ ఉత్సాహంలో పేచీ పెట్టే మాటలు ఎవరూ ఎత్తరు. కానీ కిరాయినామా అసలు పనికొచ్చేది ఖాళీ చేసే రోజున. ఆ రోజు ఏయే ప్రశ్నలు లేస్తాయో ఊహించి, వాటికి జవాబులు ముందే రాసుకున్న ఓనరు నెగ్గుతాడు. కటువుగా రాయనక్కర్లేదు, స్పష్టంగా రాస్తే చాలు.

ముందు అందరికీ తెలుసనుకునే సంగతి ఒకటి చూద్దాం. అగ్రిమెంటు ఎప్పుడూ 11 నెలలకే ఎందుకు రాస్తారు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాది మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. 11 నెలలకు రాస్తే ఆ ఖర్చూ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగే శ్రమా తప్పుతాయని దేశమంతటా ఈ అలవాటు పాతుకుపోయింది. కానీ తెలుగు నేల మీద ఈ ఉపాయం చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ సెక్షన్‌ను సవరించింది. ఏడాది అన్న హద్దును తీసేసి, స్థిరాస్తి లీజు పత్రాలన్నింటినీ రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది. సవరణ వచ్చి పాతికేళ్లు దాటింది, జిరాక్సు షాపు నమూనాలో మాత్రం 11 నెలలు అలాగే ఉండిపోయింది.

రిజిస్టరు చేయించకపోతే ఏమవుతుంది? మామూలుగా ఏమీ కాదు. నెల నెలా అద్దె వస్తూనే ఉంటుంది. వ్యవహారం కోర్టుకెక్కినప్పుడు చిక్కు వస్తుంది. రిజిస్టరు కావలసి ఉండీ కాని పత్రాన్ని అందులోని షరతులకు సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. ఇల్లు ఎవరి అధీనంలో ఉంది, ఏ హోదాలో ఉంది అన్న అనుబంధ విషయాలకు మాత్రం చూస్తుంది.

దీనికి కలకత్తా కేసు ఒకటి మంచి ఉదాహరణ. కె.బి. సాహా అండ్ సన్స్ అనే సంస్థ తన ఫ్లాట్‌ను ఒక కంపెనీకి అద్దెకిచ్చింది. ఆ కంపెనీలో ఫలానా అధికారి, ఆయన కుటుంబం మాత్రమే అందులో ఉండాలని కాగితంలో రాసుకున్నారు. కొన్నాళ్లకు ఆయన స్థానంలో మరో అధికారి దిగాడు. షరతు తప్పారు కాబట్టి ఖాళీ చేయించండని యజమాని దావా వేశాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008లో తీర్పు వచ్చింది: పత్రం రిజిస్టరు కాలేదు, కాబట్టి ‘ఈ అధికారి మాత్రమే ఉండాలి’ అన్న షరతును ఆ పత్రం చూపించి అమలు చేయించుకోలేరు. షరతు కాగితం మీద ఉంది, అందులో దాపరికం కూడా ఏమీ లేదు. అయినా యజమాని ఓడిపోయాడు.

ఇక కాలపరిమితి సంగతి. ఆంథోనీ అనే మరో కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది: అయిదేళ్లకని రాసుకున్న లీజు రిజిస్టరు కాకపోతే, ఆ అయిదేళ్ల మాట నిలవదు. కానీ ఇంట్లో ఉన్నవాళ్లు అద్దె కడుతున్నారు, యజమాని తీసుకుంటున్నాడు కాబట్టి అది నెలవారీ అద్దెగా నిలుస్తుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం అలాంటి అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. రెండేళ్లు కదలరని ధీమాగా ఉన్న ఓనరుకూ, రెండేళ్లు కదిలించరని నమ్మి పిల్లల్ని పక్క బడిలో చేర్పించిన కిరాయిదారుకూ ఇందులో సమాన నష్టమే.

స్టాంపు సుంకం సంగతీ అంతే. అద్దెను బట్టి, కాలాన్ని బట్టి కట్టవలసిన సుంకం కట్టకుండా 100 రూపాయల కాగితంతో సరిపెడితే, కోర్టులో ఆ పత్రం ముందుకు రావాలంటే లోటుకు తోడు దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టాల్సి రావచ్చు. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది. రిజిస్ట్రేషన్ చేసే పని అది చేయదు.

మహారాష్ట్ర ఈ విషయంలో మరీ గట్టిగా ఉంది. అక్కడి 1999 అద్దె చట్టం ఇల్లు అద్దెకిచ్చే ఒప్పందాన్ని రిజిస్టరు చేయించే బాధ్యతను నేరుగా ఓనరు మీదే పెట్టింది. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పైగా ఒప్పందంలో ఏముందన్న తగాదా వస్తే, వేరే రుజువు లేనంతవరకు కిరాయిదారు చెప్పిందే ఒప్పుకుంటారు. ముంబయిలో స్థిరపడి అక్కడ ఫ్లాటు కొన్న తెలుగువాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలి.

సరే, రిజిస్టరు చేయించడానికి సిద్ధపడ్డారనుకుందాం. లోపల ఏం రాయాలి?

మొదటిది, ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నది. ఇల్లు భార్యాభర్తల ఉమ్మడి పేరు మీద ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. తండ్రి పోయాక అన్నదమ్ములకు వచ్చిన ఇల్లయితే వాళ్లందరి పేర్లూ ఉండాలి, అద్దె ఎవరి ఖాతాలో పడాలో కూడా రాయాలి. అటువైపు నలుగురు కుర్రాళ్లు కలిసి దిగుతుంటే ఒక్కడి సంతకంతో సరిపెట్టకూడదు. నలుగురి పేర్లూ రాసి, మొత్తం అద్దెకు అందరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులని చేర్చాలి. లేకపోతే సంతకం చేసినవాడు ఉద్యోగం మారి పుణె వెళ్లిపోయాక మిగిలిన ముగ్గురూ ‘మా వాటా మేం కట్టేశాం’ అంటారు.

కొండాపూర్‌లోనూ మణికొండలోనూ ఎన్నో ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలో ఉంటారు. ఇక్కడ తండ్రో, బావమరిదో జి.పి.ఎ. పట్టుకుని అద్దెకిస్తారు. ఆ పవరాఫ్ అటార్నీలో అద్దెకిచ్చే అధికారం, అద్దె తీసుకునే అధికారం, నోటీసు ఇచ్చి కేసు వేసే అధికారం ఉన్నాయా లేదా అన్నది కిరాయిదారు చూడాలి, దాని వివరాలు కిరాయినామాలో ఎక్కాలి. ఓనరు ప్రవాసి అయితే పన్ను లెక్క కూడా మారుతుంది. అద్దె ఎంత చిన్నదైనా, కిరాయిదారు దానిలోంచి 30 శాతం పన్ను, ఆ పైన సెస్సు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఓనరు ఇక్కడే ఉంటే ఆ బాధ 50,000 రూపాయలు దాటిన నెల అద్దెకే, అదీ 2024 అక్టోబరు నుంచి 2 శాతమే. ఈ ముక్క ముందు రాసుకోకపోతే, మొదటి నెల అద్దె తగ్గి జమ కాగానే ఫోన్లలో వాదన మొదలవుతుంది.

రెండోది అద్దె. ఎంత అన్నది అందరూ రాస్తారు, అందులో ఏమేమి కలిశాయో రాయరు. అపార్టుమెంటు మెయింటెనెన్స్ అద్దెలోనేనా, విడిగానా? అసోసియేషన్ మెయింటెనెన్స్ పెంచితే పెరిగిన భాగం ఎవరిది? లిఫ్టు మార్చడానికో, భవనానికి రంగులు వేయించడానికో అసోసియేషన్ ఒక్కసారిగా వసూలు చేసే సొమ్ము ఎవరు కట్టాలి? ఆస్తిపన్ను ఓనరుదేనని వేరే చెప్పనక్కర్లేదు, అయినా రాసుకోవడం మేలు. పెంపు సంగతి కూడా అంతే. ‘ఏటా 10 శాతం’ అని రాసి వదిలేస్తే, ఏడాది అంటే 11 నెలలా, 12 నెలలా అన్న దగ్గరే ఆగుతారు. శాతాలకు బదులు రూపాయల్లో రాస్తే పేచీ ఉండదు: మొదటి పన్నెండు నెలలు 20,000, తర్వాతి పన్నెండు నెలలు 22,000, ఆ తర్వాత 24,200. అద్దె బ్యాంకు ద్వారానే పంపాలని, ఏ తేదీలోగా పంపాలో, ఆలస్యమైతే ఏమవుతుందో చేరిస్తే ఆ భాగం పూర్తవుతుంది. కిరాయిదారు ఆఫీసులో ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోరుకుంటే, ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటినప్పుడు ఓనరు పాన్ నంబరు అడుగుతారు. అద్దె చేతికి తీసుకుని పాన్ ఇవ్వనంటే ఆ పప్పులు ఉడకవు. అద్దెను ఆదాయంలో చూపించక తప్పదు.

మూడోది, అన్నిటికంటే ఎక్కువ మనసులు విరిచేది, అడ్వాన్సు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే కట్టుబడి ఉండాలి. అయినా హద్దు ఎక్కడ పెట్టుకోవాలో తెలుసుకోవడానికి అది మంచి కొలత. ఎంత తీసుకున్నా, ఏ రోజున తిరిగి ఇవ్వాలో, దేనికి ఎంత పట్టుకోవచ్చో రాయాలి. పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకోవడం నగరంలో అలవాటైపోయింది. ఆ మాట ముందు చెప్పి రాసుకుంటే అది షరతు, ఖాళీ చేసే రోజున చెబితే దోపిడీ అనిపిస్తుంది. అయిదేళ్లు కాపురమున్న ఇంటి గోడలు మాసిపోవడం సహజం. వాడుకతో వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని ఆస్తి బదలాయింపు చట్టమే చెబుతుంది. గోడకు బొక్కలు పెట్టి ప్లాస్టరు ఊడగొడితే అది వేరే లెక్క. రెండింటికీ తేడా తేల్చేది తాళంచెవులు ఇచ్చిన రోజున తీసిన ఫోటోలు. ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, గీజరు పనిచేస్తోందా, వంటింట్లో చిమ్నీ ఉందా, తాళంచెవులు ఎన్ని జతలు, మీటరు రీడింగు ఎంత, ఇవన్నీ ఒక జాబితాగా రాసి, ఇద్దరూ సంతకం చేసి కిరాయినామాకు జతచేస్తే అడ్వాన్సు తగాదాల్లో సగం పుట్టవు.

నాలుగోది మరమ్మతులు. ఇందులో నమూనా చట్టం చివర ఉన్న పట్టికను ఎత్తి రాసుకున్నా తప్పులేదు. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, అవసరమైతే పైపులు మార్చడం, ఇంటి వైరింగు ఓనరు పని. కుళాయిలు, వాటి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు, గీజరు మరమ్మతు, మురుగు కాలువ శుభ్రం కిరాయిదారు పని. గీజరు సంగతి చాలామంది ఓనర్లకే కొత్తగా ఉంటుంది. ఈ పట్టికను అలాగే పాటించాలని లేదు, ఇద్దరూ మాట్లాడుకుని మార్చుకోవచ్చు, కానీ ఏదో ఒకటి రాసి ఉండాలి. ఎందుకంటే రాయకపోతే చట్టం తన మాట చెబుతుంది: ఓనరు చేయవలసిన మరమ్మతును, చెప్పిన తర్వాత కూడా సమంజసమైన గడువులో చేయకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో పట్టుకోవచ్చు.

అయిదోది నీళ్లూ కరెంటూ. దీని గురించి జిరాక్సు షాపు నమూనాలో ఒక్క ముక్క ఉండదు. పడమటి హైదరాబాదులో వేసవి వచ్చిందంటే బోర్లు ఎండిపోతాయి, వీధుల్లో ట్యాంకర్లు తిరుగుతాయి. ఆ ట్యాంకరు డబ్బులు ఎవరివి? మోటారు ఏ మీటరు మీద నడుస్తుంది? కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు ఉన్న ఇంట్లో ఒకే మీటరు ఉంటే ఇప్పుడు మరో చిక్కు. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు జీరో బిల్లు వస్తుంది, అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా అర్హులే. మూడు కాపురాలు ఒకే మీటరు మీద ఉంటే 200 దాటిపోతుంది, అర్హత ఉన్న కుటుంబం కూడా బిల్లు కట్టాల్సి వస్తుంది. పోర్షనుకో మీటరు పెట్టించి, ఆ మీటరు నంబరును కిరాయినామాలో రాస్తే ఈ చిక్కు ఉండదు. మెట్ల లైట్లు, మోటారు కరెంటు ఎలా పంచుకోవాలో ఒక వాక్యం చాలు.

ఇంటిని ఎలా వాడుకోవచ్చన్నది ఆరోది. ఇక్కడ ఓనర్లను ఆశ్చర్యపరిచే సంగతి ఉంది. ఒప్పందంలో వద్దని రాయకపోతే, ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం కిరాయిదారు ఆ ఇంటిని మరొకరికి తిరిగి అద్దెకివ్వవచ్చు. అలాంటి అనుమతి ఎప్పుడిచ్చామని తల పట్టుకునేకంటే, ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లెట్ చేయరాదని, గదుల్ని రోజువారీ అద్దెలకో పీజీ హాస్టలుకో ఇవ్వరాదని రాయడం మంచిది. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకోవచ్చా, టిఫిన్ల వ్యాపారం పెట్టవచ్చా, కుక్కను పెంచుకోవచ్చా, బండి ఎక్కడ నిలపాలి, ఇవి కూడా. వచ్చినవాళ్ల వివరాలు పోలీసులకు ఇవ్వడం ఓనరుకే క్షేమం. హైదరాబాదు పోలీసుల హాక్ ఐ యాప్‌లో కిరాయిదారు వివరాలు నమోదు చేసే వీలుంది. విదేశీయులకు ఇల్లిస్తే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నింపాలి.

ఖాళీ చేయడం ఏడోది. ఎవరు ఎన్ని నెలల ముందు చెప్పాలి, నోటీసు వాట్సాప్‌లో ఇస్తే చాలునా, ఉత్తరమే పంపాలా, మొదటి ఆరు నెలల్లో వెళ్లిపోతే ఏమిటి అన్నవి రాయాలి. గడువు ముగిశాక కూడా ఓనరు మౌనంగా అద్దె తీసుకుంటూ పోతే అది నెలవారీ అద్దెగా మారిపోతుంది. అందుకని గడువు తేదీకి నెల ముందే కొత్త కాగితం రాసుకోవాలి, లేదా వద్దని చెప్పాలి. గడువు దాటి ఉంటే రెట్టింపు అద్దె కట్టాలని నమూనా చట్టం చెబుతుంది, రెండు నెలలు దాటితే నాలుగు రెట్లు. ఒప్పందంలో అలా రాసుకోవచ్చు గానీ, కోర్టు తనకు సమంజసమని తోచినంతే ఇప్పిస్తుంది.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుడిదైపోతుందన్న భయం ఊరూరా ఉంది. ఆ భయంతో నమ్మకమైన కుటుంబాల్ని కూడా ఏడాదికోసారి ఖాళీ చేయించే ఓనర్లున్నారు. ఇది అపోహ. అద్దె కడుతూ, యజమాని అనుమతితో ఉన్నవాళ్లకు ఎన్నేళ్లు గడిచినా ఆ హక్కు రాదు. 2024 జనవరిలో బ్రిజ్ నారాయణ్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు ఇదే మళ్లీ చెప్పింది. అద్దె బ్యాంకులో జమ అవుతూ, రిజిస్టరైన కిరాయినామా చేతిలో ఉంటే ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

ఇంతవరకు రాయవలసినవి. రాయకూడనివి కూడా ఉన్నాయి. అద్దె ఆలస్యమైతే కరెంటు కోస్తాం, నీళ్లు ఆపుతాం, తాళం వేస్తాం అన్న మాటలు కాగితంలో రాసినా చెల్లవు. చట్టబద్ధంగా కాకుండా బయటికి గెంటితే, ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి లోపలికి వచ్చే హక్కును 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కిరాయిదారుకు ఇస్తుంది. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఓనరుకు తన ఇల్లే అయినా, లోపలికి రావాలంటే ముందు చెప్పి రావాలి. నమూనా చట్టం ఇందుకు 24 గంటల ముందు నోటీసు అడుగుతుంది.

కాగితంలో రాయరు గానీ నోటితో చెప్పే షరతు ఒకటుంది, ఇంట్లో చావు జరగకూడదని. 2017 సెప్టెంబరులో కూకట్‌పల్లిలో డెంగీతో చనిపోయిన పదేళ్ల పిల్లాడి శవాన్ని అశుభమంటూ అద్దె ఇంట్లోకి రానివ్వలేదు. తల్లి ఆ రాత్రి వానలో, వీధిలో కొడుకు శవంతో గడిపింది. పత్రికలు రాశాయి, ఊరంతా సిగ్గుపడింది. కిరాయికిచ్చిన ఇంటిని గడువు తీరేదాకా అడ్డంకి లేకుండా అనుభవించే హక్కు చట్టం కిరాయిదారుకు ఇస్తుంది. అందులో పెళ్లీ ఉంది, పురుడూ ఉంది, చావూ ఉంది. ఆ సమయంలో గుమ్మానికి అడ్డం నిలబడే అధికారం ఏ కిరాయినామా ఓనరుకు ఇవ్వదు.

చివరిగా ఓనర్లకు ఒక విన్నపం. ఈసారి ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఇంగ్లీషు నమూనాకు తెలుగులో ఒక ప్రతి తయారు చేయించండి. ఇద్దరూ కూర్చుని పైకి చదువుకుని, ప్రతి పేజీ మీద సంతకాలు చేసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఇద్దరూ ఎలా పంచుకోవాలో కూడా అందులోనే రాయండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి మీ ఇంట్లో ఉండబోయేవాళ్ల దగ్గర ఉండాలి.